మీ బండి – మా జవాబు: ప్లగ్-ఇన్ హైబ్రిడ్డా, డీజిల్ పికప్పా?

ప్రశ్న: మాకు నాలుగెకరాల మామిడి తోపు, మూడెకరాల టమాటా ఉంది. పాత పికప్ మూలన పడింది. కొత్తది తీసుకుందామంటే ఆస్ట్రేలియాలో ఉన్న మా వాడు "డీజిల్ కొనొద్దు నాయనా, ఇక్కడ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ పికప్‌లు వచ్చేసినాయి, ఇంట్లోనే చార్జింగ్, బోరు మోటారు కూడా దాంతోనే ఆడించుకోవచ్చు, కొన్నాళ్లు ఆగు" అంటున్నాడు. రోజూ 40 కిలోమీటర్లు తిరుగుతాం. కోతలప్పుడు వారానికి రెండుసార్లు మదనపల్లె, నెలకు రెండుసార్లు చెన్నై కోయంబేడు మార్కెట్టు. ఆగమంటారా, డీజిల్ తీసుకోమంటారా?
– ఒక రైతు, చంద్రగిరి మండలం

జవాబు: డీజిల్ తీసుకోండి, ఆగొద్దు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే ఇంట్లో చార్జి చేసుకునే బ్యాటరీ, ఇంజిన్ రెండూ ఉన్న బండి. మీ అబ్బాయి చెప్పేది తప్పు కాదు. అక్కడి బండి, అక్కడి వాడకం వేరు, అంతే.

ఆస్ట్రేలియాలో బాగా అమ్ముడవుతున్న ప్లగ్-ఇన్ పికప్ బీవైడీ షార్క్ 6. 29.58 యూనిట్ల బ్యాటరీ, 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, ముందూ వెనకా ఒక్కో మోటారు. వెనక చక్రాలను తిప్పేది కరెంటు మోటారే. ఇంజిన్ చాలా సమయం జనరేటర్‌లా పనిచేస్తుంది. ఇది గానీ, ఇంకో ప్లగ్-ఇన్ పికప్ గానీ ఈ జవాబు రాసే నాటికి మన దేశంలో అమ్మకానికి లేదు. ఇక్కడ హైబ్రిడ్ పేరుతో ఎక్కువగా కనబడే ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి కార్లకు ప్లగ్ ఉండదు. వాటి చిన్న బ్యాటరీ బండి నడుస్తున్నప్పుడే నిండుతుంది.

ముందు బరువు చూడండి, ఎందుకంటే మీ తీర్మానం అక్కడే తేలిపోతుంది. షార్క్ 6 మోయగలిగేది 790 కిలోలు, అందులో కూర్చున్న మనుషులూ కలిసే లెక్క. డ్రైవరుతో పాటు ఇద్దరు ఎక్కితే 200 కిలోలు పోయి 590 మిగుల్తుంది. టమాటా క్రేటు, ఖాళీ క్రేటు బరువుతో కలిపి 27 కిలోలనుకుంటే 21 క్రేట్లు. టన్నున్నర మోసే మామూలు డీజిల్ పికప్‌లో అదే లెక్కన 55 క్రేట్లు పడతాయి. మండీకి రెండున్నర ట్రిప్పులు వేసేవాడికి కరెంటు చవకైనా ఒరిగేదేమీ లేదు.

ఇక ఖర్చు. డీజిల్ లీటరు రూ.97, పెట్రోల్ రూ.110, కరెంటు యూనిట్ రూ.7 అనుకుందాం. రోజువారీ 40 కిలోమీటర్లకు ప్లగ్-ఇన్ బండి చార్జింగ్‌లో పోయేదీ కలుపుకుని 11 యూనిట్లు తాగుతుంది, అంటే రూ.77. లీటరుకు 11 కిలోమీటర్లిచ్చే డీజిల్ బండికి రూ.353 అవుతుంది. ఏడాదిలో 300 రోజులకు దాదాపు రూ.82,500 మిగులు. ఇది నిజమైన లాభం, కొట్టిపారేయలేం.

కోయంబేడు దారి పట్టగానే లెక్క తిరగబడుతుంది. ఒకవైపే దాదాపు 150 కిలోమీటర్లు. లోడుతో బ్యాటరీ మీద 65 దాకా నడుస్తుందనుకోండి, మిగతా 85 పెట్రోలే. లీటరుకు 9 చొప్పున తొమ్మిదిన్నర లీటర్లు. తిరుగు ప్రయాణంలో దారిలో చార్జి చేయకపోతే 150కి 150 పెట్రోల్ మీదే. రానూపోనూ రూ.2,660 దాటుతుంది. డీజిల్‌కు లోడుతో 11, ఖాళీగా 13 వేసుకున్నా రూ.2,440 దగ్గర ఆగుతుంది. అదీ రెట్టింపు పైన సరుకు మోసి. పైగా షార్క్ ధర ఆస్ట్రేలియాలోనే 57,900 డాలర్లతో మొదలైంది, మన రూపాయల్లో 30 లక్షల పైమాటే. పది లక్షల అటూఇటూ దొరికే డీజిల్ పికప్‌తో చూస్తే తేడా 20 లక్షలు. ఏడాదికి మిగిలే 82,500తో అది తీరేసరికి పాతికేళ్లు పడుతుంది.

మదనపల్లె దారిలో భాకరాపేట కనుమ ఉంది. తిరుపతి దాదాపు 160 మీటర్ల ఎత్తులో, మదనపల్లె 695 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. మూడు టన్నుల బండిని ఆ 530 మీటర్లు పైకెత్తడానికే 4.3 యూనిట్ల శక్తి కావాలి. డీజిల్ ఇంజిన్‌లో దానికి అదనంగా లీటరూ పావు పైన కాలుతుంది. ప్లగ్-ఇన్ బండిలో ఇది బ్యాటరీలోంచి పోతుంది, పైగా లోడుతో పీలేరు దాటాక బ్యాటరీ అడుగంటుతుంది. అక్కణ్ణించి బండి సత్తువ చిన్న పెట్రోల్ ఇంజిన్ తయారు చేయగలిగినంతే. ఎత్తు మీద యాక్సిలరేటర్ ఎంత తొక్కినా మునుపటంత లాగదు. ఇలాంటి బండి ఎప్పుడైనా కొన్నా, కొండ ఎక్కే ముందు బ్యాటరీని దాచిపెట్టే మోడ్ వేసుకోవాలి.

బోరు మోటారు సంగతి. షార్క్‌లోని సాకెట్లు మొత్తం 6.6 కిలోవాట్లు ఇస్తాయి, కానీ సింగిల్ ఫేజ్. మన బోర్ల సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఎక్కువగా త్రీఫేజ్. అదీగాక 5 హెచ్‌పీ మోటారు ఇచ్చే సత్తువ 3.7 కిలోవాట్లే అయినా, తీసుకునే కరెంటు అంతకంటే ఎక్కువ, స్టార్టయ్యే క్షణంలో కరెంటు ఐదారు రెట్లు లాగుతుంది. సాకెట్ ట్రిప్ అవుతుంది. స్ప్రేయర్, డ్రిల్లింగ్ మిషన్, తోపు కాపలాకు లైట్లు, ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు దాకా సరే. వ్యవసాయానికిచ్చే ఉచిత కరెంటు కనెక్షన్ నుంచి బండికి చార్జింగ్ పెట్టడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. ఇంటి మీటరు మీద విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. మీటరు లోడు పెంచమని కరెంటు ఆఫీసులో ముందే అడగాలి.

డీజిల్‌లో ఏది తీసుకోవాలంటే, పనిబండే తీసుకోండి. బొలెరో మ్యాక్స్ పికప్‌లో 1.3 నుంచి 2 టన్నుల దాకా రకాలున్నాయి. టాటా యోధ, అశోక్ లేలాండ్ బడా దోస్త్ కూడా తోలి చూడండి. హైలక్స్, వి-క్రాస్ చూడ్డానికి బాగుంటాయి గానీ మోసేది అర టన్ను లోపే. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కొటేషన్‌లో అది సరిగా పడిందో లేదో చూసుకోండి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. లోడుతో కలిపి 7,500 కిలోలు దాటని బండికి మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రశ్న: తిరుపతిలో క్యాటరింగ్ సామాన్లు బాడుగకు తిప్పే డీజిల్ పికప్ ఉంది. రోజుకు 25 కిలోమీటర్లు, అంతా ఊళ్లోనే. కొన్నది రెండేళ్ల కిందటే, అప్పుడే సైలెన్సర్ గుర్తు దీపం పదేపదే వెలుగుతోంది. ఆ ఫిల్టర్ పీకేయమని మెకానిక్ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, బాలాజీ కాలనీ

జవాబు: పీకొద్దు. అది చట్టవిరుద్ధం, పైగా ఆ తర్వాత ఇంజిన్ కంప్యూటర్ సతాయిస్తూనే ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ అది, పేరు డీపీఎఫ్. పట్టిన మసిని 550–600 డిగ్రీల వేడిలో తనే కాల్చేసుకుంటుంది. లీలామహల్ దగ్గర ఆగి, గాంధీ రోడ్డులో ఆగి, పది నిమిషాలకోసారి ఇంజిన్ ఆపేస్తే ఆ వేడి రాదు. కాలడం మొదలై మధ్యలో ఆగిపోతుంది.

దీపం వెలిగిన రోజే బండిని నాయుడుపేట హైవే ఎక్కించండి. ఇంజిన్ వేడెక్కాక టాప్ గేర్ కంటే ఒక గేరు తక్కువలో, 2,000 ఆర్‌పీఎం పైన, 50–60 వేగంతో 20 నిమిషాలు ఆగకుండా నడపండి. దీపం ఆరాకే ఇంజిన్ ఆపాలి. వెంటనే ఎండుగడ్డి, వేరుశనగ కట్టె మీద నిలపొద్దు, అంటుకుంటుంది.

ఇంటికొచ్చి చల్లారాక ఆయిల్ స్టిక్ తీసి చూడండి. మట్టం పై గీత దాటి ఉండి, డీజిల్ వాసన కొడుతుంటే, సగంలో ఆగిన ప్రయత్నాలన్నిట్లో పోసిన డీజిల్ ఆయిల్‌లోకి దిగిందన్నమాట. పలచబడ్డ ఆయిల్ టర్బోను తినేస్తుంది, తక్షణం మార్చండి. డీపీఎఫ్ బండ్లకని చెప్పే తక్కువ బూడిద ఆయిలే పోయించండి. దీపం మిణుకుమంటూ బండి లాగకపోతే హైవే మీద తోలి లాభం లేదు, సర్వీస్‌లో కంప్యూటర్ పెట్టి కాల్పించాలి.

మీ వాడకానికి అసలు డీజిల్ తగదు. పాతది అమ్మేటప్పుడు ఏస్ ఈవీ లాంటి కరెంటు బండి చూడండి. 21.3 యూనిట్ల బ్యాటరీ రోజుకు 25 కిలోమీటర్లకు ధారాళం. వాటి మీద జీఎస్టీ 5 శాతమే.

ప్రశ్న: డీజిల్ బండికి పోసే ఆ నీలం మూత ట్యాంకు ద్రవం యూరియానే కదా, పొలానికి తెచ్చిన యూరియా నీళ్లలో కలిపి పోయొచ్చా?
– ఒక పాఠకుడు, పూతలపట్టు

జవాబు: వద్దు. అది డీఈఎఫ్, పొగలోని విషవాయువులను తగ్గించే ద్రవం. అందులో ఉండేది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. పొలం యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, బైయురెట్ అనే మలినం ఉంటుంది. బోరు నీళ్లలో సున్నం సరేసరి. ఇవన్నీ సన్నటి నాజిల్‌లో గట్టిపడి, పొగను శుభ్రం చేసే లోపలి కెటలిస్టును పాడుచేస్తాయి. పొరపాటున పోసి ఉంటే తాళంచెవి కూడా తిప్పొద్దు. తిప్పగానే పంపు దాన్ని పైపుల్లోకి లాగేస్తుంది. ట్యాంకు దింపించి కడిగించండి. డీజిల్ ట్యాంకులో ఈ ద్రవం పోసినా ఇదే పద్ధతి.

ప్రశ్న: కరెంటు సరుకు బండి కొన్నాను. పలమనేరులో రాత్రంతా చార్జి పెట్టి, ఉదయం లోడుతో మొగిలి ఘాట్ దిగుతుంటే బండి పట్టుకోవడం లేదు, బ్రేకు ఎక్కువ తొక్కాల్సొస్తోంది. సాయంత్రాలు బాగానే పడుతుంది.
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: బండిలో లోపం లేదు, చార్జింగే ఎక్కువైంది. యాక్సిలరేటర్ వదలగానే మోటారు జనరేటర్‌గా మారి బండిని పట్టి ఆపుతుంది, ఆ కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. నూరు శాతం నిండిన బ్యాటరీలో దానికి చోటుండదు, అందుకే ఆ పట్టు వదిలేస్తుంది. మొత్తం భారం బ్రేక్ ప్యాడ్ల మీద పడుతుంది. ఘాట్ సగానికే అవి వేడెక్కి కాలిన వాసన వస్తుంది.

రాత్రి చార్జింగ్ 80–85 శాతం దగ్గర ఆపేయండి. దిగువకు వెళ్లే బండికి ఆ మిగతా చార్జి ఘాట్‌లోనే కొంత వస్తుంది. దిగేటప్పుడు రీజెన్ (మోటారుతో బండిని పట్టి ఆపేది) ఎక్కువ మోడ్ పెట్టి, బ్రేకు నొక్కి ఉంచకుండా తొక్కి వదులుతూ రండి. ఇన్నాళ్లూ నిండు చార్జితో దిగారు కాబట్టి, ఈ వారమే ముందు చక్రాలు విప్పించి ప్యాడ్ల మందం చూపించండి. డిస్క్ మీద నీలం మరకలు కనిపిస్తే అది విపరీతంగా వేడెక్కిన గుర్తు. అప్పుడు బ్రేక్ ఆయిల్ కూడా మార్పించండి.