బల్ల ఎందుకు నిలబడుతోంది?

ప్రశ్న: నేను 7, 8 తరగతులకు డ్రాయింగ్ చెబుతాను. వ్యానిషింగ్ పాయింట్ (దూరం పోయే గీతలన్నీ కలిసే చుక్క) పెట్టి స్కేలుతో రైలు పట్టాలు వేయమంటే అందరూ చక్కగా వేస్తారు. ఎదురుగా ఉన్న బల్లను చూసి వేయమంటే మాత్రం పైపలకను గోడలా నిలబెట్టేస్తారు, నాలుగు కాళ్లూ ఒకే గీత మీద దించేస్తారు. నేర్పిందంతా ఏమైపోతోంది?

జవాబు: టీచర్ గారూ, మీ పిల్లలకు స్కేలు వాడటం వచ్చింది. చూడటం ఇంకా రావాలి. పైపలక దీర్ఘచతురస్రమని వాళ్లకు తెలుసు, తెలిసిందే వేస్తున్నారు. దయచేసి దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేయకండి.

వచ్చే క్లాసులో కాగితం తీయించవద్దు. ఒక్కొక్కరిని కిటికీ అద్దం ముందు నిలబెట్టి, ఒక కన్ను మూయించి, తల కదపకుండా బయటి గోడ అంచుల్ని అద్దం మీదే మార్కర్‌తో గీయమనండి. దూరం పోయేకొద్దీ గోడ పై అంచు కిందికి దిగుతుంది, కింది అంచు పైకి లేస్తుంది. స్కేలు లేదు, సూత్రం లేదు. తల కాస్త పక్కకు జరిపితే చాలు, గీత గోడను వదిలేస్తుంది. అప్పుడు పిల్లలు ‘అరె!’ అంటారు చూడండి, ఆ మాట కోసమే ఈ పాఠం ఏటా చెబుతాను. బొమ్మ వేసే చోటును తెరిచిన కిటికీ అనుకోమని ఇటలీలో చిత్రకళ గురించి పుస్తకం రాసిన ఆల్బెర్టీ 1435లోనే అన్నాడు. మనం ఆ కిటికీనే పిల్లల ముందు పెడుతున్నాం, అంతే.

తర్వాత ఐ లెవెల్, అంటే కంటి ఎత్తు. నేను మొదట్లో దీన్ని ఒక్క నిమిషంలో చెప్పేసి వన్ పాయింట్, టూ పాయింట్ (ఒక వ్యానిషింగ్ పాయింట్‌తో, రెండింటితో వేసే పద్ధతులు) బట్టీ పట్టించాను. అది పెద్ద పొరపాటు. ఇప్పుడు దీనికే రెండు పీరియడ్లు ఇస్తాను. నోటు పుస్తకాన్ని అడ్డంగా పట్టుకుని సరిగ్గా కళ్ల ఎత్తుకు తెస్తే అట్ట మాయమై అంచొక్కటే గీతలా మిగులుతుంది. దించితే పై అట్ట, ఎత్తితే కింది అట్ట కనిపిస్తుంది. ఇక బల్ల దగ్గరికి తీసుకురండి. నేల మీద కూర్చున్నవాడికి పైపలక సన్నని చీలిక, నిలబడ్డవాడికి వెడల్పు. హొరైజన్ లైన్, అంటే వ్యానిషింగ్ పాయింట్లు పెట్టే అడ్డగీత, ఎక్కడో దూరంగా ఉండేది కాదు, ఎవరి కంటి ఎత్తులో వాళ్లకు ఉంటుంది. కాబట్టి ఒకే బల్లకు ఇరవై మంది ఇరవై రకాల బొమ్మలు వేసినా అన్నీ సరైనవే కావచ్చు. బోర్డు మీద మీ బొమ్మ వేసి దాన్నే దించమనకండి.

వ్యానిషింగ్ పాయింట్ ఈ రెండూ అయ్యాకే. టూ పాయింట్‌లో ఒక జాగ్రత్త: రెండు చుక్కలూ కాగితంలోనే ఇరికిస్తే పెట్టె మూల కత్తిలా ముందుకు పొడుచుకొస్తుంది. కాగితాన్ని బల్లకు టేపుతో అంటించి, చుక్కలు బల్ల మీదే దూరంగా సుద్దతో పెట్టించండి. స్కేలు అందకపోతే దారం లాగి పట్టుకుంటే సరిపోతుంది.