సరదాగా మొదలైన లినక్స్ ఇంతగా ఎట్లా పెరిగింది?

ప్రశ్న: సార్, విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌ను ఒక కాలేజీ కుర్రాడు సరదాకి మొదలుపెట్టాడట. ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఇంతగా ఎట్లా పెరిగింది?
– డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: నిజమే. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ యూనివర్సిటీలో చదువుతూ లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినప్పుడు కోడ్ దాదాపు 10,000 లైన్లే, ఇది పెద్దదేం కాదని ఆయనే చెప్పుకున్నాడు. మొదట్లో డబ్బుకి అమ్మకూడదనే షరతు ఉండేది. 1992లో జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌కి మారాక ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, కాకపోతే మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) కూడా ఇవ్వాల్సిందే. అసలు మలుపు అదే అంటాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు వాళ్ల కంపైలర్, అంటే రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్, అప్పటికే సిద్ధంగా ఉండటం కూడా కలిసొచ్చింది (ఆ సంగతి చాలామంది మరిచిపోతారు). ఊరికే అన్నారు గానీ, ఇప్పుడు ఆ కోడ్ రాసేవాళ్లలో ఎక్కువమంది కంపెనీల్లో జీతాలు తీసుకునేవాళ్లే.