గ్యారేజీలో ఆగిపోయిన జీటీవో

ప్రశ్న: మేం మిచిగన్‌లోని ట్రాయ్‌లో ఉంటాం. ఉడ్‌వర్డ్ ఎవెన్యూ మీద ఏటా ఆగస్టులో జరిగే పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్ చూసి మోజుపడి, ఏడేళ్ల కిందట 1968 పాంటియాక్ జీటీవో కారు ఒకటి కొన్నాను. అప్పుడు మా అబ్బాయికి పదకొండేళ్లు. ఇద్దరం కలిసి బాగుచేద్దామనుకున్నాం. ఇంజిన్ దించాం, సీట్లు విప్పాం, అంతటితో ఆగింది. గ్యారేజీ నిండా విడిభాగాలే. వాడు కాలేజీకి వెళ్లిపోయాడు. అమ్మేయమని నా భార్య గొడవ పెడుతోంది. ఆ మాట వింటేనే నా ప్రాణం ఉసూరుమంటోంది.

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. బండి పోతే అబ్బాయితో అనుకున్న ఆ రోజులు కూడా పోయినట్టేనని మీ దిగులు.

కానీ గ్యారేజీ నిండా విడిభాగాలే అన్నారు. అంటే ఏడు చలికాలాలుగా మీ ఆవిడ కారు బయటే ఉంటోందన్నమాట. రోజూ పొద్దున్నే అద్దం మీద మంచు గీక్కుని ఆఫీసుకు వెళ్లే మనిషికి ఆ జీటీవో మీద ప్రేమ ఎలా పుడుతుంది? అమ్మకం మాట ఎత్తేముందు, ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టానని ఆవిడతో అనండి. ఆ ఒక్క మాట కోసం ఆవిడ ఎదురుచూస్తూ ఉండొచ్చు. అబ్బాయికి కూడా మీరే ఫోన్ చేసి చెప్పండి. అమ్మే పట్టుబట్టి అమ్మించిందని వాడు అనుకోకూడదు.

ఆ తర్వాత అమ్మేయండి, ఉన్నది ఉన్నట్టుగా. మంచి ధర వస్తుందని ఇప్పుడు పెయింట్ వేయించకండి. బాగుచేసుకోవడానికి కొనేవాళ్లకు తుప్పు కొత్త కాదు, పెయింట్ కింద ఏం దాచారోనన్నదే వాళ్ల అనుమానం. ఫ్లోరు, ట్రంకు, ఫ్రేము కింద నుంచి కూడా ఫొటోలు తీయండి. పాంటియాక్‌లోనే తక్కువ ధర మోడల్ లెమాన్స్‌ను జీటీవోలా మార్చి అమ్మినవి చాలా ఉన్నాయి కాబట్టి, కొనేవాళ్లు ముందు అడిగేది వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబరు. ఆ ఏడాది అసలు జీటీవో అయితే అది 242తో మొదలవుతుంది. దించిన ఇంజిన్ బ్లాకు మీది నంబరు వీఐఎన్ చివరి అంకెలతో కలుస్తోందో లేదో చూసి, ఏదైతే అదే రాయండి. ధరలో పెద్ద తేడా వచ్చేది అక్కడే. మెరుపు పట్టీల్లాంటి ట్రిమ్ ముక్కల్ని విడిగా అమ్ముకోవద్దు, అన్నీ ఉన్న బండికే గిరాకీ. టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, మీ పేరు మీదే ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. పెట్టిందంతా తిరిగి రాకపోవచ్చు. ఆ సంగతి మీ ఆవిడకు ముందే చెప్పేయండి, లేకపోతే ధర దగ్గర మళ్లీ గొడవ.

థాంక్స్‌గివింగ్‌కు అబ్బాయి ఇంటికొస్తాడు కదా. నట్లు, బోల్టులు కవర్లలో వేసి పేర్లు రాయడం, ఫొటోలు తీయడం ఇద్దరూ కలిసి చేయండి. కొన్నవాళ్ల ఫోన్ నంబరు ఉంచుకోండి. బండి ఉడ్‌వర్డ్ మీదికి వచ్చే ఆగస్టులో ఒక మాట చెప్పమనండి, మీ ముగ్గురూ వెళ్లి చూసి రండి.