టెక్ సందేహాలు: పాత వీడియో గేమ్‌లకు చందా కట్టాలా, కొనుక్కోవాలా?

ప్రశ్న: చిన్నప్పుడు విజయవాడలో గంటకింత అని కట్టి టీవీ గేమ్‌లు ఆడుకున్నవాణ్ని. ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం. మారియో, కాంట్రా మా పిల్లలకు చూపించాలని ఉంది. పాత ఆటలను నెట్ ద్వారా ఆడించే యాంట్‌స్ట్రీమ్ సర్వీసులో లైఫ్‌టైమ్ ప్లాన్ ఉంది, నింటెండోలో ఏడాది చందా ఉంది. విడిగా కొనుక్కోమని స్నేహితులు చెబుతున్నారు. ఏది మేలు?

జవాబు: ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీకు కావలసింది ఆ రెండు ఆటలేనా, లేక వందల పాత ఆటలు ముందు పెట్టుకుని పిల్లలతో కలిసి ఒక్కోటీ ఆడి చూడాలనా? ఆ రెండే అయితే మీకు స్ట్రీమింగ్ సర్వీసుతో పనే లేదు.

కాంట్రా కొనేయండి. ఆ ఆట తయారుచేసిన కొనామీ కంపెనీ 2019లో 'కాంట్రా యానివర్సరీ కలెక్షన్' తెచ్చింది. మనం కేసెట్ పెట్టి ఆడిన కాంట్రా అందులో ఉంది, దాని తర్వాత వచ్చినవీ ఉన్నాయి. స్టీమ్ (పీసీ ఆటల ఆన్‌లైన్ షాపు), నింటెండో వాళ్ల గేమ్ మెషీన్ స్విచ్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ అన్నింటికీ దొరుకుతుంది. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే చెరో కంట్రోలర్ పట్టుకుని మీరూ మీ అబ్బాయో అమ్మాయో పక్కపక్కన కూర్చుని ఆడుకోవచ్చు. నెల నెలా కట్టే బాధ లేదు.

మారియో దగ్గర మాత్రం ఆ వీలు లేదు. 1985లో కేసెట్‌గా వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌ను నింటెండో ఇప్పుడు స్విచ్‌లో విడిగా అమ్మడం లేదు. నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందాలో భాగంగానే ఇస్తోంది. 2018లో మొదలైనప్పుడు ఈ చందా ఏడాదికి 19.99 డాలర్లు. నింటెండో 64 అనే పాత మెషీన్ ఆటలు కూడా కావాలంటే 2021లో వచ్చిన పెద్ద ప్లాన్ ఎక్స్‌పాన్షన్ ప్యాక్ తీసుకోవాలి, అది 49.99 డాలర్లతో మొదలైంది. మీకు మొదటిది చాలు. ఇందులో ఆట మీ స్విచ్‌లోకే డౌన్‌లోడ్ అవుతుంది కాబట్టి నెట్ నెమ్మదిగా ఉన్నా ఆట ఆగదు. కాకపోతే చందా ఉందో లేదో చూసుకోవడానికి వారానికి ఒకసారైనా నెట్‌కు కనెక్ట్ చేయాలి. చందా ఆపితే ఆటలూ తెరుచుకోవు.

ఇక యాంట్‌స్ట్రీమ్. ఇది అసలైన స్ట్రీమింగ్. ఆట వాళ్ల సర్వర్లో నడుస్తుంది, మీకు వీడియో వస్తుంది. మీరు బటన్ నొక్కితే ఆ సంగతి సర్వర్‌కు చేరాలి, అక్కడ బొమ్మ మారాలి, అది మళ్లీ మీ తెర మీదికి రావాలి. ఉదాహరణకు మారియో సెకనుకు 60 ఫ్రేములతో (బొమ్మలతో) నడిచే ఆట. అంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లే. రాకపోకల్లో 50 మిల్లీసెకన్లు పోయాయంటే మూడు ఫ్రేములు ఆలస్యమైనట్టే, గుంత అంచున ఎగరాల్సినవాడు గుంతలో పడతాడు. పాత డబ్బా టీవీల మీద ఈ ఆలస్యం దాదాపు ఉండేది కాదు. అందుకే పాత ఆటలకు స్ట్రీమింగ్ అంత నప్పదని నేను గట్టిగా నమ్ముతాను. పజిళ్లు, నిదానంగా ఆడేవి అయితే ఫర్వాలేదు. తీసుకోవాలనే ఉంటే వై-ఫై బదులు కేబుల్ పెట్టండి, టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి.

డేటా సంగతీ చూడండి. సూపర్ మారియో బ్రదర్స్ కేసెట్‌లో ఉన్న మొత్తం ఆట 40 కిలోబైట్లు. మనం వాట్సాప్‌లో పంపుకునే ఫొటో చాలాసార్లు అంతకంటే పెద్దది. అలాంటి ఆటను 10 ఎంబీపీఎస్ వీడియోగా గంటసేపు స్ట్రీమ్ చేస్తే 4.5 జీబీ అవుతుంది.

యాంట్‌స్ట్రీమ్ 2023లో ఎక్స్‌బాక్స్‌లోకి వచ్చినప్పుడు ఏడాదికి 29.99 డాలర్లు, లైఫ్‌టైమ్‌కు 79.99 డాలర్లు పెట్టారు. మూడేళ్లు ఆడితే లైఫ్‌టైమ్ గిట్టుబాటే. అయితే లైఫ్‌టైమ్ అనగానే మన జీవితకాలం అనుకుంటాం. ఆ సర్వర్లు నడిచినన్నాళ్లు అని మాత్రమే లెక్క వేసుకోండి. 2010లో మొదలైన ఆన్‌లైవ్ అనే గేమ్ స్ట్రీమింగ్ సర్వీసు 2015 ఏప్రిల్ 30న మూతపడింది, జనం అందులో కొన్న ఆటలు దాంతోపాటే పోయాయి. అలాంటిదే గూగుల్ స్టేడియా 2023 జనవరిలో ఆగిపోయినప్పుడు ఆటలకు కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చారు. అందరూ అలా ఇస్తారన్న హామీ లేదు. మీరైతే మొదట ఒక్క ఏడాదికే కట్టి చూడండి. పిల్లలకు నిజంగా నచ్చితే అప్పుడు ఆలోచిద్దాం.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. పీఎస్5కు (ప్లేస్టేషన్ 5) సోనీ చందా ప్లేస్టేషన్ ప్లస్‌లో డీలక్స్ ప్లాన్ తీసుకున్నాను. పీఎస్3 ఆటలు ఎంత వెతికినా కనిపించడం లేదు. సెట్టింగ్స్‌లో ఏమైనా మార్చాలా?

జవాబు: మీ సెట్టింగ్స్‌లో ఏ తప్పూ లేదు, టెన్షన్ పడకండి. పీఎస్3లో 'సెల్' అనే ప్రత్యేకమైన ప్రాసెసర్ వాడారు. ఆ ఆటలు పీఎస్5లో నేరుగా నడవవు కాబట్టి సోనీ వాటిని స్ట్రీమింగ్‌లోనే ఇస్తోంది. ఆ స్ట్రీమింగ్ ఉన్నది ప్రీమియం ప్లాన్‌లో. 2022లో మన దేశానికి ప్రీమియం బదులు స్ట్రీమింగ్ లేని డీలక్స్ ఇచ్చారు. డౌన్‌లోడ్ చేసుకునే క్లాసిక్ ఆటలు మాత్రం మీకు దొరుకుతాయి. పీఎస్3 ఆటల కోసమే డీలక్స్ కట్టి ఉంటే రెన్యువల్ ఆపేయండి. మీరు వెతుకుతున్న ఆటకు పీఎస్4 రీమాస్టర్ (మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసినది) ఉందేమో చూడండి, చాలా పేరున్న ఆటలకు ఉన్నాయి. వాటిని కొనుక్కోవచ్చు.

ప్రశ్న: కొనుక్కున్న డిజిటల్ ఆట శాశ్వతంగా నాదేనా?

జవాబు: చాలా షాపుల్లో మీరు కొనేది లైసెన్స్. అందుకే 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా చట్టం ప్రకారం, అమ్మేది లైసెన్సే అని చెప్పకుండా 'బై' (కొనండి) అనే మాట వాడకూడదు. నింటెండో పాత గేమ్ మెషీన్ వీ (Wii) ఆన్‌లైన్ షాపులో ఒక్కో పాత మారియో ఆటకు 5 డాలర్లు పెట్టి కొన్నవాళ్లున్నారు. 2019 జనవరి 30న ఆ షాపు మూసేశారు. ఆ కొనుగోళ్లు స్విచ్‌లోకి రాలేదు.

పాత పీసీ ఆటలకు నేను మొదట చూసేది జీవోజీ (GOG) అనే ఆన్‌లైన్ షాపు. 2008 నుంచి ఉంది. అక్కడ కొన్న ఆట ఇన్‌స్టాలర్ ఫైలును డౌన్‌లోడ్ చేసి దాచుకోవచ్చు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లాగిన్ అడగదు. కొన్న రోజే ఆ ఫైలును రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకసారి నెట్ ఆపేసి ఇన్‌స్టాల్ చేసి చూడండి.