అందరికీ నచ్చే పుస్తకం వద్దండీ

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా బెంగళూరు నుంచే. నేనూ ఈ ఊళ్ళోనే ఉంటాను కాబట్టి ఈ నెల మనవాళ్ళకే కేటాయించేశాను, మిగతా ఊళ్ళవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళం కొందరం నెలకో తెలుగు పుస్తకం చదువుతున్నాం. అన్నీ పేరున్నవే. కానీ కలిసినప్పుడు "చాలా బాగుంది", "ఏం భాషండీ" అనుకుంటాం, పావుగంటలో మాటలు అయిపోతాయి, తర్వాత స్కూలు ఫీజులు, ట్యాంకర్ నీళ్ళ గొడవే. ఏ పుస్తకం తీసుకోమంటారు మేడమ్?

జవాబు: పేరున్నవే ఎంచుకుంటున్నారు, అదే వచ్చిన చిక్కు. గొప్పదని ముందే తీర్మానించేసిన పుస్తకం ముందు అందరం చేతులు కట్టుకుని నిలబడతాం, ఇక మాట్లాడేదేముంది? చదివినవాళ్ళలో ఒకరికి ఒళ్ళు మండాలి, ఇంకొకరు వెనకేసుకు రావాలి. నేనైతే డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' పెట్టుకోమంటాను. 1957లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా మొదలైన నవల. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి ఆధారం ఇదే, అయితే సినిమా చూశాం కదా అని నవల మానేయకండి, అది సరదాగా నడుస్తుంది, ఇది అలా కాదు. విశాఖపట్నంలో ఇందిర అనే అమ్మాయి ఉద్యోగం చేసి, బాధ్యత పట్టని తండ్రిని పోషిస్తూ, తనకి కావలసిందేదో మొహమాటం లేకుండా అడిగి తీసుకుంటూ బతుకుతుంది. ఆమెకి దగ్గరైన ప్రకాశం డాక్టరీ చదువుతుంటాడు, ఏ సంగతీ సొంతంగా తేల్చుకోలేడు. ఇందిరది స్వార్థమా, లేక ఆ ఇంట్లో ఆ తండ్రితో అలా ఉండకపోతే గడవదా? మా ఇంట్లోనే ఇది ఇప్పటికీ తేలలేదు, మా ఆయన ఇందిర పేరెత్తితే ముఖం ముడుచుకుంటారు, నాకేమో నవలలోని ఇంకో అమ్మాయి కల్యాణి మంచితనం కన్నా ఇందిర మొండితనం మీదే గౌరవం. మీలో జీతంలోంచి ఊళ్ళో అమ్మానాన్నలకి డబ్బు పంపే ఆడవాళ్ళు ఉండే ఉంటారు, ముందు వాళ్ళని మాట్లాడనివ్వండి. ఇంకొకటి, "నచ్చిందా?" అని మాత్రం మొదలుపెట్టకండి, దానికి అవును, కాదు తప్ప ఇంకో జవాబు రాదు. "ఇందిర ప్రకాశాన్ని ఏ పేజీ దగ్గర వదిలేసి ఉండాల్సింది?" అని అడగండి, అందరూ పుస్తకం తెరవక తప్పదు.

ప్రశ్న: 'అసమర్థుని జీవయాత్ర' సగంలో ఆపేశాను. ఆ సీతారామారావుని చూస్తే చిరాకు. అందరూ క్లాసిక్ అంటారు, నాకే సాహిత్యం ఎక్కదేమోనని టెన్షన్‌గా ఉంది. (జయనగర్ పాఠకుడు)

జవాబు: చిరాకు వచ్చిందంటే బాగానే ఎక్కింది. వంశప్రతిష్ఠ అంటూ ఉన్న ఆస్తి కరగబెట్టుకుని, ఎవరి మీద కోపమో తనకే తెలియక ఇంట్లోవాళ్ళని సాధించే మనిషి మీద మనకి ప్రేమ పుట్టాలని గోపీచంద్ రాసి ఉండరు. ఈ నవలని ఆయన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికి అంకితమిచ్చారు, 'ఎందుకు' అని అడగడం నేర్పినందుకు. సీతారామారావు కూడా అదే ప్రశ్నతో తల బద్దలు కొట్టుకుంటాడు. రచయితకి దారి చూపించిన ప్రశ్న ఆయన సృష్టించిన మనిషిని ఎందుకు ముంచేసింది? నాకు ఈ నవలలో అన్నిటికన్నా పట్టుకున్నది అదే. మిగతా సగం చదవండి, పెద్ద నవలేం కాదు. చిరాకు తగ్గుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.

ప్రశ్న: నామిని 'పచ్చనాకు సాక్షిగా' తీసుకుంటే మా గ్రూపులో గోదావరి జిల్లాలవాళ్ళు మొదటి పేజీలోనే "ఈ భాష మావల్ల కాదు" అని పక్కన పెట్టేశారు. మేము మదనపల్లె వాళ్ళం, అది మాకు ఇంట్లో మాటే. ఏం చేయాలి? (కె.ఆర్.పురం)

జవాబు: మీరు పైకి చదవండి, వాళ్ళు వింటారు. చిత్తూరు మాట కంటికి కొత్తగా అనిపించినా చెవికి తొందరగానే అలవాటవుతుంది, పైగా ఎక్కడ నవ్వాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో మీకు తెలుసు. కాస్త కటువుగానే అంటున్నాను, స్కూలు పాఠాల్లో, పేపర్లలో, సినిమాల్లో కోస్తా వాళ్ళ తెలుగే చదివీ వినీ మీరంతా పెరిగారు, ఎప్పుడైనా మావల్ల కాదన్నారా? వాళ్ళు ఒక్క పుస్తకానికి అరగంట కష్టపడితే ఏం పోతుంది? వాళ్ళు అలవాటు పడ్డాక రావిశాస్త్రి ఉత్తరాంధ్ర కథలు పెట్టండి, అప్పుడు మీరూ వాళ్ళూ కలిసే తడబడతారు.

ప్రశ్న: మా కోడలు బెంగళూరులోనే పుట్టి పెరిగింది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం రాదు, కన్నడ చదువుతుంది. మా చర్చల్లో కూర్చోవాలని తనకీ ఉంది. (బనశంకరి)

జవాబు: కన్నడ వచ్చిందంటే సగం పని అయిపోయినట్టేనమ్మా. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి, క, త లాంటి అక్షరాల దగ్గర, తలకట్టు దగ్గర కొన్నాళ్ళు తడబడుతుందేమో, అంతే. పిల్లల వాచకం మాత్రం ఇవ్వకండి, పెద్దవాళ్ళకి చిన్నతనంగా ఉంటుంది. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ఇవ్వండి. మొత్తం వంద కథలున్నా ఒక్కోటీ చిన్నదే, పైగా బాపు బొమ్మలు. ఒక కథ పూర్తి చేశానన్న ధైర్యం ఒక్క సాయంత్రంలో వస్తుంది. తర్వాత అందరూ కలిసి 'కన్యాశుల్కం' తలా ఒక పాత్ర పంచుకుని పైకి చదవండి. 1892లో మొదటిసారి ప్రదర్శించిన నాటకాన్ని గురజాడ చాలావరకు తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చు వేశారు, ఇప్పుడు మనం చదివేది ఆ పెద్దదే, కాబట్టి ఒక పూటలో అవదు. గిరీశం పాత్రకి మగవాళ్ళంతా పోటీ పడతారు, చూస్తూ ఉండండి. మీ కోడలికి మొదట రెండు మూడు మాటలుండే పాత్ర చాలు.

ప్రశ్న: చదవకుండా వచ్చి కూర్చునేవాళ్ళని ఏం చేయాలి? (వైట్‌ఫీల్డ్)

జవాబు: రానివ్వండి. "ఇంతకీ కథేంటి?" అని వాళ్ళే అడుగుతారు, చదివిన ఇద్దరు ఒకే కథని రెండు రకాలుగా చెప్తారు, ఇక మీరు చర్చ మొదలుపెట్టక్కర్లేదు. వరసగా అలాగే వస్తుంటే, వచ్చే నెల పుస్తకం ఎంచి తెచ్చే పని వాళ్ళకే అప్పజెప్పండి.