కుట్లు వేయని గాయానికి ఇంట్లో డ్రెస్సింగ్: నా అనుభవం

మీ నాన్నగారికి తొడ మీద సెగగడ్డ కోసి, కుట్లు వేయకుండా ఇంటికి పంపారని, డ్రెస్సింగ్ మీరే చేసుకోమన్నారని రాశారు. కుట్లు మర్చిపోయారేమోనని మీ అనుమానం. మర్చిపోలేదండి. చీము పట్టిన చోట పైన కుట్టేస్తే లోపల మళ్ళీ చీము నిలుస్తుంది. అందుకే తెరిచి ఉంచుతారు. అడుగు నుంచి పూడుకుంటూ పైకి రావాలి. వారాలు పడుతుంది.

కోనసీమలో సర్జికల్ వార్డు నర్సుగా చాలా ఏళ్ళు చేశాను. మొదట్లో డిశ్చార్జి రోజు అన్నీ గడగడా చెప్పేసేదాన్ని. రొయ్యల చెరువు మీద పని చేసే ఒకాయన ప్రతిదానికీ "ఆయ్, అలాగేనండి" అన్నారు. వారానికి తిరిగొచ్చారు, కట్టు విప్పకముందే వాసన. లోపల్నుంచి ఒక గాజ్ గుడ్డ లాగాను. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక మరొకటి! ఆయన భార్య రోజూ కొత్తది పెడుతూనే ఉంది పాపం. తప్పు నాదే. పాతది ముందు తీయాలని చెప్పే ఉంటాననుకున్నాను.

అప్పట్నుంచి చెప్పడం తగ్గించి చేయించడం మొదలెట్టాను. ఇంట్లో కట్టు కట్టేది ఎవరో వాళ్ళ చేతే రెండు మూడు సార్లు చేయించి, నేను పక్కన నిలబడి చూసేదాన్ని. మీరూ ఈసారి వెళ్ళినప్పుడు "నేను చేస్తాను, చూడండి సిస్టర్" అని అడగండి.

చేతులు సబ్బుతో కడుక్కోండి. పాత గుడ్డ అంటుకుపోతే లాగకండి, సెలైన్ (శుభ్రమైన ఉప్పునీటి ద్రావణం) పోసి నాననివ్వండి. ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకటే పొడుగాటి గాజ్ పట్టీ సెలైన్‌లో తడిపి గాయం లోపల వదులుగా పెట్టి, కొస బయటికి వదలండి. కుక్కితే గాయం పూడదు. సెలైన్ 100 మిల్లీలీటర్ల సీసాలు కొనండి, మిగిలింది మర్నాటికి దాచకండి. పసుపు, కొబ్బరినూనె, కాలవ నీళ్ళు వద్దు.

గాయం అడుగు ఎర్రగా, దానిమ్మ గింజల్లా కనిపిస్తే చాలామంది హడలిపోతారు. నిజానికి మానుతోందని అర్థం. జ్వరం, చుట్టూ ఎరుపు పాకడం, కొత్తగా దుర్వాసన, అంచులు నల్లబడటం, ఆగని రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. షుగర్ కూడా చూపించండి, అది అదుపులో లేకపోతే మీరెంత శుభ్రంగా కట్టినా మానడం ఆలస్యమవుతుంది.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని మన వైపు చారన్నంతోనే సరిపెడతారు. నాకు వార్డులో గాయాల కన్నా అత్తగార్లతోనే ఎక్కువ యుద్ధం! కొత్త కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. కిడ్నీ జబ్బు లేకపోతే గుడ్డు, చేప, పప్పు ఈ పూట నుంచే పెట్టండి.