ఒకే రక్తపరీక్ష, రెండు అంకెలు

"ఎవరూ ఎదురుగా ద్వేషం చూపించనప్పుడు జాతివివక్ష వల్ల ఆరోగ్యం ఎలా చెడుతుంది?" అని అడిగారు. నేను డెట్రాయిట్‌లో డయాలిసిస్ నర్సును. కళ్లారా చూసినది చెబుతాను.

అమెరికా జనాభాలో నల్లజాతివారు సుమారు 13 శాతం. కిడ్నీలు పూర్తిగా చెడిపోయినవారిలో మాత్రం దాదాపు మూడో వంతు వాళ్లే. బీపీ, షుగరు, వాటికి వేళకు అందని వైద్యం గురించి అందరూ మాట్లాడతారు. ల్యాబు రిపోర్టు గురించి ఎవరూ మాట్లాడరు.

కండరాల నుంచి రక్తంలో చేరే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని బట్టి కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో ఒక సూత్రంతో లెక్కిస్తారు. 2009 నాటి సూత్రంలో రోగి నల్లజాతి మనిషైతే వచ్చిన ఫలితాన్ని 1.159తో హెచ్చవేసేవారు. వాళ్లకు కండ ఎక్కువన్న ఊహే అందుకు ఆధారం! రిపోర్టులో రెండు వరుసలు ఉండేవి: నల్లజాతివారికి ఒకటి, కానివారికి ఒకటి. మన తెలుగువాళ్లం రెండో వరుసలోకి వచ్చేవాళ్లం. నా రిపోర్టులోనూ అవి చూశాను, ఏళ్ల తరబడి ఏమీ అనుకోలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఒకరోజు పాత కాగితాల కవరు తెచ్చారు. 2018 నాటి రిపోర్టులో ఒక వరుసలో 18, ఇంకో వరుసలో 21. డయాలిసిస్ ఇంకా మొదలవనివారికి ఆ అంకె 20కి దిగితేనే కిడ్నీ మార్పిడి జాబితాలో నిరీక్షణ కాలం లెక్కకు వస్తుంది. డాక్టరు చూసింది నల్లజాతివారి వరుసలోని 21. "ఇంకా టైముంది" అని పంపేశారు. ఆ డాక్టరు చాలా మంచివారని ఈయనే చెబుతారు. నేనూ నమ్ముతాను. మంచి మనిషి చేతుల మీదుగానే ఈయనకు రెండేళ్లు పోయాయి, ఎందుకంటే అన్యాయం సూత్రంలోనే ఉంది. 2020 నుంచి వారానికి మూడు రోజులు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు మిషను పక్కనే.

2021లో జాతి ప్రసక్తి లేని సూత్రం వచ్చింది. పాత లెక్కతో నష్టపోయిన నల్లజాతి రోగుల నిరీక్షణ కాలాన్ని సరిదిద్దాలని 2023 జనవరిలో మార్పిడి ఆసుపత్రులకు నిబంధన పెట్టారు. ఆయనకు ఉత్తరం వచ్చిన రోజు ఫిస్టులా (డయాలిసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి చేసిన చోటు) ఉన్న చేతిలో రెండు సూదులున్నాయి, కదపకూడదు. నేనే విప్పి చదివాను. నిరీక్షణ తేదీని 2018కి మార్చామని ఉంది. మళ్లీ చదవమన్నారు. చదివాను. "అయితే నేను అప్పుడే వరుసలో నిలబడి ఉండాల్సిందన్నమాట" అని కళ్లు మూసుకున్నారు.